కొసరు బుట్ట

మొన్న భోగాపురం దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే రోడ్డవతలి బండి మీంచి ఇసక కాగుతున్న వాసన వచ్చింది. ఇసకకి వాసనేమిటని నవ్వేవాళ్ళు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఏట్లో నాని, ఎండలో ఎండి, మంట మీద కాగిన ఇసకకి ఒక వాసన ఉంటుంది, పొడిగా, కాస్త ఉప్పగా, ముక్కులో గరగరలాడుతూ. అది పీల్చి పెరిగినవాళ్ళని అరవై దాటినా వదలదు. విమానాశ్రయం కోసం వేసిన కొత్త రోడ్డు, దాని మీద దుమ్ము లేపుకుంటూ పోయే టిప్పర్లు, ఆ రొదలో ఒకతను పెద్ద మూకుట్లో వేరుశనక్కాయలు వేయిస్తున్నాడు. నా కాళ్ళు నన్నడక్కుండానే రోడ్డు దాటేశాయి.

వెంట మా అక్క కొడుకు సుధాకర్ ఉన్నాడు. వాడు ఓడల్లో ఫిట్టరు, ఆర్నెల్లు నీళ్ళ మీద, ఆర్నెల్లు నేల మీద. కాయల పొట్లాలు అప్పటికే నింపి, మూతులు అతికించి, వరసగా పేర్చి ఉన్నాయి. బండతను ఒకటి తీసి మా చేతిలో పెట్టి ఇంకొకరి వైపు తిరిగిపోయాడు. "కొసరేదయ్యా?" అన్నాను. అతను నన్ను చూసిన చూపు, నేనేదో పరాయి భాషలో తిట్టానేమో అన్నట్టుంది. సుధాకర్ పగలబడి నవ్వి, డర్బన్ రేవులో దిగినప్పుడు అక్కడి బజారులో ఒక ముసలావిడ దగ్గర నారింజలు కొంటే, సంచి నిండాక ఇంకో రెండు పైన పెట్టి "బన్సెలా" అందని చెప్పాడు. అది జూలూ, ఖోసా వాళ్ళ మాటట, ఊరికే ఇచ్చే చిన్న కానుక అని అర్థమట, అక్కడి తెల్లవాళ్ళూ, ఒకప్పుడు మన తీరం నుంచి చెరుకు తోటల కూలికి ఓడలెక్కి పోయిన తెలుగువాళ్ళ మనవలూ కూడా ఆ మాటని అరువు తెచ్చుకుని సొంతం చేసేసుకున్నారట. "ఎంత మంచి అలవాటో కదా పిన్నీ!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒరే, దానికి సముద్రాలు దాటాలేట్రా, మీ అమ్మకీ నాకూ మామ్మ అయినావిడ బతుకంతా చేసింది అదే కదరా అన్నాను. బస్సు శ్రీకాకుళం చేరేదాకా వాడికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెప్తున్నాను.

మా మామ్మ పేరు రూతమ్మ. మా నాన్న తల్లి. మా ఊరు వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి నడిచిపోయేంత దూరంలో ఉంటుంది. ఊరికి దక్షిణాన, బాప్టిస్టు మిషన్ వాళ్ళు ఎప్పుడో కట్టిన చిన్న పెంకుల చర్చి చుట్టూ ముప్పై గడపలు మావి. చర్చి వీధి అనేవారు. ఆ రెండు మాటలంటే చాలు, మేమెవరమో, మా చేతి నీళ్ళు ఎవరు తాగుతారో ఎవరు తాగరో ఊళ్ళో ఎవరికీ ఇంకేం చెప్పనక్కర్లేదు. మా వీధి ఆడవాళ్ళు కోతలకీ ఊడుపులకీ పోయేవారు, బుట్టలల్లేవారు, చీపుళ్ళు కట్టి సంతలో అమ్మేవారు. తినే వస్తువు చేసి గురువారం సంతలో కూర్చున్నది మాత్రం మొదట మా మామ్మే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మెడ దానంతటదే నిటారుగా అవుతుంది.

ఆవిడ అమ్మినవి మురీలు. మిగతా జిల్లాలవాళ్ళు మరమరాలంటారు, బొరుగులంటారు. ఒడిశా మాకు కూతవేటు దూరం కనక మావి మురీలే. బుధవారం పొద్దున్న ఏటికి పోయి సన్న ఇసక తవ్వి తెచ్చి, కడిగి, ఆరబోసి, జల్లెడ పట్టేది. ఉప్పుడు బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించి ఎండలో ఒక పూట ఉంచేది. గురువారం తెల్లారగట్ల పెరట్లో పొయ్యి మీద మంగలం, అదే వేపుడు కుండ, ఎక్కించి, అందులో ఇసక పోసి, తాటాకులు మంట పెట్టి, ఇసక పొగలు కక్కేదాకా మాటా పలుకూ లేకుండా దానికేసే చూస్తూ కూర్చునేది. తర్వాత పిడికెడు బియ్యం అందులోకి విసిరి ఈనెల కట్టతో గిర్రున తిప్పితే చిటపటమంటూ అన్నీ ఒక్కసారి తెల్లగా విచ్చుకునేవి. వెంటనే జల్లెట్లోకి ఒంపి ఇసక దులిపేది. చలికాలమైతే ఏటి మీంచి మంచు పాకి వచ్చి పెరడంతా కమ్మేసేది, పొయ్యి దగ్గర ఎర్రటి వెలుగూ, మామ్మ ముక్కుపుడకా తప్ప ఏమీ కనిపించేవి కావు. నేనూ అక్కా ఒకే దుప్పట్లో దూరి, కాళ్ళు పొయ్యి వైపు చాపుకుని, మొదటి వాయి ఎప్పుడు దిగుతుందా అని కాచుకుని ఉండేవాళ్ళం. మొదటి వాయి మాది. ఇసక వేడి ఇంకా కుదరదు కనక అందులో సగం గింజలు విచ్చీ విచ్చనట్టు ఉండేవి, అవి పళ్ళ కింద కరకరమంటుంటే ఆ రుచి నాకు ఏ పెళ్ళి భోజనంలోనూ దొరకలేదు.

మూడో వాయికి ఇసక సరిగ్గా కాగేది. ఆ వాయిలో దిగినవి ఒక్కొక్కటీ పొడుగ్గా, బోలుగా, మచ్చ లేకుండా ఉండేవి. వాటిని మామ్మ పెద్ద గంపలో పోసేది కాదు. విడిగా ఒక తాటాకు బుట్టలో పోసి, ఉతికిన తెల్లగుడ్డ కప్పి పక్కన పెట్టేది. అది కొసరు బుట్ట. అమ్మకానికి పెద్ద గంప, కొసరుకి ఈ బుట్ట, దానిలోది దీన్లో కలవకూడదు, దీన్లోది దానిలో కలవకూడదు. సంతలో ఎంతోమంది ఎన్నో అమ్మేవారు, అందరూ కొసరేసేవారు, కానీ అమ్మే కుప్పలోంచే నాలుగు గింజలు తీసి పడేసేవారు. కొసరుకి వేరే బుట్ట మోసుకొచ్చే మనిషిని నేను మా మామ్మనే చూశాను. ఎందుకే మామ్మా, మంచివి అమ్ముకోవచ్చు కదా అని ఒకసారి అడిగితే ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"అమ్మింది ఆల్లదే, ఆల్లు కొనుక్కున్నారు. కొసరు మనదే. మనది బాగుండొద్దేటి?"

ఏడాది పొడుగునా ఆ బుట్ట కూడా మా ఇంట్లో ఒక మనిషే. ఎండల్లో జీడిమామిడి పళ్ళ రసం కారి మా గౌన్లన్నీ మరకలైపోతే, ఆ చేతులతో బుట్ట ముట్టావా వీపు విమానం మోతే. వానల్లో ఏరు పొంగి సంత కూడకపోతే దాన్ని అటక మీద బోర్లించి, పొగ తగిలేలా ఉంచేది. చలి మొదలై గేగులు, అదే తేగలు, తవ్వే రోజులొస్తే కొత్త తాటాకు తెచ్చి తనే అంచు అల్లేది, అల్లుతూ కీర్తనలు పాడేది, పాట మధ్యలో ఆపి తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్న మమ్మల్ని "ఒసే, గీత తొక్కేవు, సూసేన్లే" అని కేకేసేది. ఆవిడ కళ్ళు కప్పి ఆటలో దొంగాట ఆడడం మావల్ల కాలేదు. క్రిస్మసుకి నెల ముందు నుంచి చర్చి వీధిలో గోడలకి సున్నం, వెదురు బద్దల నక్షత్రాలకి రంగు కాగితాలు, ఇంటింటా అరిసెల పాకం. శివరాత్రికి ముఖలింగం దారంతా ఎడ్లబళ్ళు, చక్రతీర్థ స్నానానికి పోయే జనం, వాళ్ళ పిల్లల కోసం మురీలూ బెల్లం ఉండలూ. ఆ దేవుడి పండక్కీ ఈ దేవుడి పండక్కీ మా పొయ్యి మాత్రం ఒకటే.

ఇప్పుడు కొసరు సంగతి అసలు చెప్పాలి. అమ్మకం ఎలా అయినా జరిగిపోతుంది. వాళ్ళు చేట కింద పెడతారు, మనం తవ్వతో కొలిచి అందులో పోస్తాం, వాళ్ళు చేట ఎత్తుకుపోతారు. మధ్యలో ఎవరి చెయ్యీ ఎవరికీ తగలక్కర్లేదు. కొసరు అలా కాదు. మామ్మ పట్టుదల ఏమిటంటే, కొసరు చేట్లో వెయ్యదు. అరచేతిలోనే వేస్తుంది. తన చేతిలోంచి వాళ్ళ చేతిలోకి. మొదట్లో పెద్ద వీధులవాళ్ళు కొసరు వద్దనే పోయేవారట. తర్వాత పిల్లలు చాపారు, పిల్లలకేం తెలుసు. వాళ్ళని చూసి పనివాళ్ళు చాపారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తల్లులు. నాకు పదేళ్ళొచ్చేసరికి సంతలో మామ్మ ముందు చెయ్యి చాపనివాళ్ళు దాదాపు లేరు. పెద్దింటి వరాలమ్మగారు ఒక్కరే. ఊళ్ళో సగం పొలం వాళ్ళది. ఆవిడ ప్రతి గురువారం పనిమనిషి చేత చేట మోయించుకుని వచ్చేది, రెండు తవ్వలు కొలిపించుకునేది, మామ్మ కొసరు బుట్ట మీద గుడ్డ తీసేలోపే వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది.

ఆ ఏడు క్రిస్మసుకి రెండు వారాల ముందు బుధవారం రాత్రి నుంచి మామ్మకి చలిజ్వరం పట్టుకుంది. ఎలాగో లేచి మురీలు వేయించింది గానీ గంప ఎత్తుకునే ఓపిక లేదు. అమ్మా నాన్నా కోతలకి పోయారు, అక్క మామ్మ దగ్గర ఉండాలి. నేను పోతానన్నాను. ఎన్నోసార్లు పక్కన కూర్చుని చూశాను కదా, కొలవడం ఏమంత బ్రహ్మవిద్య! చీపుళ్ళమ్మే ఎదురింటి అత్త గంప ఎత్తింది, నేను కొసరు బుట్ట ఎత్తుకున్నాను. "తవ్వ దించి కొలు, గోపురం కట్టాల. ఆ తరవాతే కొసరు" అని మంచంలోంచి మూడుసార్లు చెప్పింది మామ్మ.

పొద్దున్నంతా చెప్పినట్టే చేశాను. తవ్వ నింపి, నేలకి రెండుసార్లు తట్టి దించి, పైన గోపురం కట్టి పోశాను, తర్వాత గుడ్డ తీసి కొసరేశాను. కానీ పండగ ముందు సంత, జనం విరగబడ్డారు, గంప చూస్తుండగా దిగిపోతోంది, కొసరు బుట్ట అంతకన్నా తొందరగా దిగిపోతోంది, అది ఖాళీ అయిపోతే మామ్మకి ఏం చెప్పాలి అని నా చూపంతా దాని అడుగు మీదే. పక్కన శనగలూ జీళ్ళూ అమ్మే అప్పన్న మావ ఇదంతా చూస్తున్నాడు. మంచివాడే పాపం, ఎండగా ఉందని తన గొడుగు కూడా నా వైపు వంచాడు. ఆయనే నేర్పాడు. తవ్వ లోపల నాలుగు వేళ్ళూ ఉంచి పట్టుకోమన్నాడు, తట్టకుండా పైపైన నింపమన్నాడు, ఆ మిగిలినదాన్నే రెండు చేతులా తీసి కొసరు వెయ్యమన్నాడు.

"తవ్వకేసి ఎవులు సూస్తారే పిల్లా! నీ సేతులకేసే సూస్తారు. నవ్వుతా ఏసీ."

నవ్వుతూనే వేశాను. మధ్యాహ్నం నుంచి వచ్చినవాళ్ళందరికీ తవ్వ తక్కువ, కొసరు ఎక్కువ. "రూతమ్మ మనవరాలి సెయ్యి పెద్దదేటే!" అన్నారు, "ముసిల్దానికన్నా నయం" అన్నారు, నేను ఉబ్బిపోయాను. వరాలమ్మగారు వస్తే ఆవిడకీ రెండు తవ్వలు అలాగే కొలిచాను. ఆవిడ ఎప్పటిలాగే కొసరు తీసుకోకుండా వెళ్ళిపోయింది. మిగతావాళ్ళకి నేను తగ్గించిందాంట్లో కాస్తయినా కొసరు పేరుతో తిరిగి వెళ్ళింది, ఆవిడకి అదీ లేదు, కానీ ఆ లెక్క అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

సాయంత్రం ఇంటికి పరిగెత్తుకొచ్చి, మామ్మ మంచం దగ్గర కొసరు బుట్ట పెట్టి గుడ్డ లాగేశాను. సగానికి పైగా ఉంది. "సూడే మామ్మా, అందరికీ దోసిళ్ళతో ఏసేను, అయినా మిగిలిపోనాది!" అన్నాను. మెచ్చుకుంటుందని ముఖం చాటంత చేసుకుని నిలబడ్డాను. మామ్మ జ్వరంలోనే లేచి కూర్చుంది. బుట్టకేసి చూసింది, నాకేసి చూసింది, మరైతే కొసరు ఎక్కడిదే అని నెమ్మదిగా అడిగింది. అప్పన్న మావ నేర్పిన విద్య అంతా వేళ్ళు పెట్టి మరీ చూపించాను.

కొట్టలేదు. కొడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఏడ్చింది. నేను పుట్టాక మామ్మ ఏడవడం చూడ్డం అదే మొదలు.

"పదేళ్ళు పట్టినాదే, ఆల్ల సెయ్యి నా ముందుకి రాడానికి. ఒక్క పూట్లో దొంగ సెయ్యి సేసేసేవు. రేపటేల ఆ వీదిదంటే అంతేనని అంటారు. అంటే, ఏటి సెప్పను?"

అప్పటికి నాకు అర్థమైంది. ఇంకో మనిషి తవ్వ తక్కువ కొలిస్తే ఆ మనిషి మోసగత్తె అవుతుంది, అక్కడితో ఆగిపోతుంది. మేం కొలిస్తే చర్చి వీధి మొత్తం అవుతుంది. మామ్మ తర్వాత సంతలో తినే వస్తువు పెట్టుక్కూర్చుందామని ఎదురుచూస్తున్న ఆడవాళ్ళు మా వీధిలో అప్పటికే ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళందరి దారికీ నేను అడ్డంగా ముళ్ళకంప వేసేశాను.

మర్నాడు పొద్దున్న జ్వరం కాస్త తగ్గగానే మామ్మ నెత్తికి గుడ్డ చుట్టుకుని, తవ్వా సోలా తీసి గంపలో పడేసి, మిగిలిన మురీలకి ఇంకో రెండు వాయిలు కలిపి, నన్ను చెయ్యి పట్టి బయటికి ఈడ్చింది. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఎవరెవరికి కొలిచానో పేరు పేరునా నా చేత చెప్పించింది. పదిహేను ఇళ్ళ దాకా తేలాయి. పరాయి ఊళ్ళవాళ్ళ సంగతి వచ్చే గురువారం చూద్దాం, ముందు వీళ్ళది నడు అంది. ప్రతి గుమ్మం ముందూ మామ్మ దూరంగా నిలబడేది. నేను ముందుకి పోయి, నా నోటితో నేను, "నిన్న తవ్వ తక్కువ కొలిసేనండి, వేళ్ళు పెట్టేసేను" అనాలి. అన్నాక ఒక నిండు సోల, అంటే సగం తవ్వ, కొలిచి పోయాలి, తగ్గిందానికన్నా అది ఎక్కువే. పైన కొసరు. మొదటి ఇంటి దగ్గర నేను మామ్మ చాటుకి పోయాను, మామ్మ కదల్లేదు, నేను చెప్పేదాకా ఇద్దరం అక్కడే ఎండలో నిలబడ్డాం. కొందరు నవ్వారు, పిడికెడు మురీలకి ఇంత ఊరేగింపా అన్నారు. ఒకావిడ మామ్మ వాలకం చూసి జాలిపడి మజ్జిగ తెచ్చి, పైనుంచి మా దోసిళ్ళలో పోసింది. ఒకాయన మాత్రం "ఇన్నాళ్ళూ ఇలాగే కొలిసేరేటో, ఎవులికి తెలుసు" అన్నాడు. మామ్మ ఆయన సోలకి గోపురం ఇంకాస్త ఎత్తుగా కట్టించింది.

పెద్దిల్లు ఆఖరికి. వరాలమ్మగారు అరుగు మీద కూర్చుని వడియాలు ఎండలోకి జరుపుతోంది. నేను చెప్పాల్సింది చెప్పాను, ఏడుస్తూ చెప్పాను. ఆవిడ నా తల మీంచి మామ్మకేసి చూసింది.

"రూతమ్మా, నీ మనవరాలు దొంగేటే?"

"నిన్న దొంగేనమ్మగారూ. అందుకే తీసుకొచ్చేను."

ఆవిడ చేట తెప్పించి మెట్టు కింద పెట్టించింది. రెండు తవ్వలకి రెండు సోలలు నేను దించి, గోపురం కట్టి కొలిచాను, తొందరలో సగం గోపురం జారిపోతే మామ్మ మళ్ళీ కట్టించింది. అయ్యాక మామ్మ కొసరు బుట్ట మీద గుడ్డ తీసింది. వరాలమ్మగారు చేటకేసి వేలు చూపించి, అదీ ఇందులోనే వేసెయ్యమంది. అన్నేళ్ళలో ఆవిడ కొసరు మాట ఎత్తడం అదే మొదలు. తప్పు చేసి గుమ్మంలోకి వచ్చినవాళ్ళం, వేసేసి దణ్ణం పెట్టుకుని బయటపడాలి. నేను బుట్టలో చెయ్యి పెట్టాను కూడా. మామ్మ నా మణికట్టు పట్టుకుంది.

"కొసరు సేట్లో ఎయ్యనమ్మగారూ. సేత్లో ఏస్తాను."

ఆ పూట పెద్దింటి వాకిట్లో నిలబడి, జ్వరంతో కళ్ళు ఎర్రబడి, క్షమించమని వచ్చి కూడా, మా మామ్మ అన్న మాట అది. వరాలమ్మగారి ముఖం గట్టిపడిపోయింది. చేట తీయించుకుని లోపలికి వెళ్ళిపోయింది, తలుపు పడింది. అయిపోయింది, ఇంక మమ్మల్ని సంతలో కూర్చోనివ్వదు అనుకున్నాను.

మళ్ళీ గురువారం, పండగ వారం. మామ్మ గంప దించి, తను వెనక కూర్చుని, తవ్వ నా చేతిలో పెట్టింది. నేను వద్దన్నాను, కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "నువ్వే కొలు" అంది, అంతే. సంగతి ఊరంతా పాకిపోయింది. జనం దూరంగా నిలబడి మాకేసి చూసి గుసగుసలాడుతున్నారు, ఎప్పుడూ మొదట వచ్చేవాళ్ళు కూడా ముఖం అటు తిప్పుకుని పోతున్నారు, పొద్దెక్కుతోంది, గంప పెట్టింది పెట్టినట్టే ఉంది. అప్పన్న మావ ఆ రోజు నాకేసి తలెత్తి చూడలేదు. కాసేపటికి ఏమనుకున్నాడో, లేచి, తన తువ్వాలు మా ముందు పరిచి, సంత సంతంతా వినేలా "నాకో తవ్వ కొలీ పిల్లా!" అని అరిచాడు. కొలిచాను. తట్టి దించి, గోపురం కట్టి కొలిచాను. తర్వాత ఇద్దరొచ్చారు, తర్వాత నలుగురు. ప్రతివాళ్ళూ నా వేళ్ళకేసి కళ్ళు విప్పుకుని చూసేవారు, నేను వేళ్ళు బయటికి చాపి మరీ పట్టుకునేదాన్ని.

వరాలమ్మగారు ఎప్పుడొచ్చిందో చూసుకోలేదు. ఎదురుగా చేట పడ్డాక తలెత్తాను. రెండు తవ్వలు, ఎప్పటిలాగే. పోశాక నేను కొసరు బుట్టకేసి చూడలేదు, ఎలాగూ వెళ్ళిపోతుందని. ఆవిడ వెళ్ళలేదు. బంగారు గాజులున్న కుడిచెయ్యి ముందుకి చాపి అలాగే నిలబడింది.

"ఎయ్యే పిల్లా" అంది.

నేను గుప్పెడు తీసి ఆ అరచేతిలో పెట్టాను. నా వేళ్ళు ఆవిడ చేతికి తగిలాయి. ఆవిడ అక్కడే, అందరి ముందూ, నాలుగు మురీలు నోట్లో వేసుకుని నమిలింది. "ఉప్పు సరిపోయినాది" అని మామ్మతో అని, మిగతావి కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. నేను వెనక్కి తిరిగి చూస్తే మామ్మ గంపలో మురీలు సర్దుతున్నట్టు తల వంచుకుని ఉంది, సర్దడానికి అక్కడేం లేదు.

ఆ ఒక్క చెయ్యి చాపితే లోకం మారిపోయిందని నేను చెప్పను. మజ్జిగ చాలా ఇళ్ళలో ఇంకా చాలా ఏళ్ళు దోసిట్లోనే పోశారు. కానీ మరుసటి ఏడు మా వీధి నుంచి ఇంకో ఆవిడ సంతలో పకోడీల మూకుడు పెట్టింది, ఆ తర్వాత ఇంకొకావిడ బెల్లం గవ్వలు. నేను చదువుకుని పంతులమ్మనై, ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయ్యాను. పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు అర మార్కు తగ్గించాలన్నా, ఊరికే కలపాలన్నా నా చెయ్యి ఆగేది. నా చెయ్యి చాలా గట్టిదని తోటి మేస్టర్లు దెప్పేవారు, ఆ గట్టితనం నాకెవరు నేర్పారో వాళ్ళకేం తెలుసు!

ఇప్పుడు మురీలు మిల్లులో తయారై ప్లాస్టిక్ సంచుల్లో వస్తున్నాయి. చర్చి వీధిలో పొయ్యి పెట్టే ఇల్లు ఒక్కటీ లేదు, మంగలం అంటే ఏమిటో మా మనవరాళ్ళకి బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. తవ్వా సోలా పోయాయి. సంత రేకుల షెడ్లలోకి మారింది, అందరి దగ్గరా అంకెలు వెలిగే కాటాలే. కొసరు అడిగేవాళ్ళూ లేరు, అడిగితే పేదవాళ్ళనుకుంటారని భయం.

పోయిన చలికాలం మా ఊరు వెళ్ళి, ఆ షెడ్ల కింద బరబాటీ చిక్కుళ్ళు కొంటున్నాను. నా ముందు ఒక ముసలాయన నిలబడి, కాటా మీద అంకె సరిగ్గా పడగానే కాయలు తీసెయ్యబోతున్న కూరలమ్మాయిని కసిరాడు. "అంత పీనాసితనమేటమ్మా, రూతమ్మ కొలత కొలు!" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వి ఇంకో నాలుగు కాయలు పైన పడేసింది. ఆయన వెళ్ళాక, అలా ఎందుకన్నాడమ్మా ఆయన, రూతమ్మ కొలతంటే ఏమిటి అని అడిగాను, ఏమీ తెలీనట్టు.

"అంటే నిండా కొలిసి, పైన ఇంకొంచెం ఎయ్యడమండి. మా అత్త కూడా అలాగే అంటాది, ఇక్కడందరూ అంటారు" అంది. సంచి నా చేతికిస్తూ, నా ముఖంలో ఏం కనిపించిందో, ఆగి అడిగింది. "ఏటండి, రూతమ్మంటే మనిషేటి?"

"మనిషేనమ్మా," అన్నాను. "మా మామ్మ."